పడవ మీద గీకిన పసుపు

నా మాట నమ్మి మీరెప్పుడైనా ఎవరి చేతి పసుపునైనా పారేశారా? తప్పించుకోకుండా జవాబు చెప్పండి. పన్నెండేళ్ళ కిందట నేను రాసిన ‘పసుపులో విషం’ అనే ముప్పై రెండు పేజీల పుస్తకం మీలో కొందరి ఇళ్ళలో ఇంకా ఉండే ఉంటుంది. మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా నేను మాట్లాడే సభల్లో బల్ల మీద పెట్టి నేనే అమ్మాను. నెల్లూరు తీరంలో ఒక పాలెంలో, పోలేరమ్మ గుడి చూసుకునే చెంగమ్మ అనే ఆమె పసిబిడ్డలకు రాసే పసుపులో సీసం, క్రోమియం ఉన్నాయని, దాని వల్లే జ్యోతి అనే ఐదేళ్ళ పిల్ల చావు దాకా వెళ్ళి వచ్చిందని అందులో రాశాను. ప్రయోగశాల ఇచ్చిన కాగితం కూడా అచ్చు వేశాను. అది చదివి మీ రక్తం ఉడికింది. ఉడకాలనే రాశాను.

మొన్న మళ్ళీ ఆ తీరానికి వెళ్ళి వచ్చాను. నాలుగు రోజుల ప్రయాణం. వెళ్ళేటప్పుడు గెలిచినవాడిలా వెళ్ళాను. పాలెం పేరు ఈసారి రాయడం లేదు. ఒకసారి రాసి చేసిన నష్టం చాలు.

నెల్లూరులో నల్ల పెట్టె

నన్ను పిలిచింది సుగుణ గారు. నెల్లూరులో ఒక డిగ్రీ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతారు. నా పుస్తకం తన విద్యార్థుల చేత చదివించారట. కాలేజీకి కొత్తగా చేతిలో పట్టుకునే రామన్ యంత్రం వచ్చిందని, ఆనాటి పసుపు నా దగ్గర ఇంకా మిగిలి ఉంటే తెమ్మని ఉత్తరం రాశారు. మిగలడమేమిటి, మందుబిళ్ళల సీసాలో పోసి, మూతకు మైనం పెట్టి పన్నెండేళ్ళుగా దాచుకున్నాను. బీరువాలో నా పతకాల పక్కనే ఉంటుంది. దాన్ని లుంగీలో చుట్టి సంచిలో పెట్టుకుని తెనాలిలో రైలెక్కాను. నెల్లూరులో దిగే తొందరలో గొడుగు రైల్లో మర్చిపోయాను. అది చెన్నై వెళ్ళిపోయింది.

సుగుణ గారింట్లో ఆ మధ్యాహ్నం చేపల పులుసు. ముందురోజు చేసి ఒక రాత్రి ఊరబెట్టిన పులుసు, అందులో పుల్ల మామిడి ముక్కలు. మా వైపు పులుసు పొయ్యి మీంచి దిగితే చాలు, కంచంలో పడాలి. ఇక్కడ వేడి పులుసు అతిథికి పెడితే తప్పుగా చూస్తారట. నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక చూశాను, ఆమె, ఆమె భర్త కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు. వాళ్ళు చర్చికి వెళ్ళే మనుషులు. ముద్ద నమలాలో ఆపాలో తెలియక అలాగే బుగ్గన పెట్టుకుని కూర్చున్నాను. ఆమె కళ్ళు తెరిచి నా బుగ్గ చూసి నవ్వారు.

నేను ఊరుకునే మనిషిని కాదు. రామన్ యంత్రం వాడే చేతులు దేవుడికి ఎలా జోడిస్తారని అడిగాను. ఆమె కోప్పడలేదు. “యంత్రం ముందు నా నమ్మకం మాట్లాడదు సార్. మీ నమ్మకం మాట్లాడకుండా ఉంటుందా?” అన్నారు. ఆ మాటకు అప్పుడు చిరునవ్వు నవ్వాను. ఇప్పుడు నవ్వలేను.

సాయంత్రం బజారుకు వెళ్ళి నాలుగు దుకాణాల్లో వంద గ్రాముల చొప్పున పసుపు కొన్నాం. ఒకచోట ముప్పై రూపాయలు, ఒకచోట నలభై. నలభై చెప్పినతను తన పసుపు చెయ్యి కడిగినా పోదని గొప్పగా చెప్పాడు. నేను కళ్ళతోనే సుగుణ గారికి సైగ చేశాను, ఇదిగో దొరికాడు అన్నట్టు. రంగు కోసం పసుపులో లెడ్ క్రోమేట్ కలిపే దుర్మార్గం ఉంది. అది నేను కల్పించింది కాదు.

యంత్రం నల్లటి పెట్టె, సుమారు ఇటుకంత ఉంటుంది. దాని పని ఆమె చెప్పిన తీరులోనే చెబుతాను. వస్తువు మీద ఒకే రంగు వెలుగు వేస్తే తిరిగి వచ్చే వెలుగులో బహు కొద్ది పాలు రంగు మారి వస్తుంది. ఆ వస్తువులో పరమాణువులు ఎలా ముడిపడి ఉన్నాయో, ఎలా ఊగుతున్నాయో, దాన్ని బట్టి ఆ మార్పు ఉంటుంది. తెర మీద అది కొండల వరుసలా గీతగా కనిపిస్తుంది, కింద కొలత అంకెలుంటాయి. ఒక్కో పదార్థానికి ఒక్కో వరుస. క్రోమియం ఆక్సిజన్‌తో ఒక రకంగా కలిస్తే ఆకుపచ్చ రంగు. అది మొండి పదార్థం, తేలిగ్గా కరగదు. దాని పెద్ద కొండ ఐదువందల యాభై దగ్గర లేస్తుంది. అదే క్రోమియం ఆక్సిజన్‌తో ఇంకో రకంగా కలిసి, సీసాన్ని వెంటబెట్టుకుంటే పసుపు రంగు. అదే లెడ్ క్రోమేట్, విషం. దాని కొండ ఎనిమిదివందల నలభై దగ్గర. మూలకాల పేర్లు మాత్రమే చెప్పే పరీక్షకు రెండింట్లోనూ క్రోమియమే కనిపిస్తుంది. ఈ యంత్రం వాటిని విడదీస్తుంది.

నా పాత ప్రయోగశాల కాగితంలో సీసం ఉంది, క్రోమియం ఉంది అని మాత్రమే ఉంది. ఏ రూపంలో, దేనితో కలిసి అని లేదు. నేనూ అడగలేదు.

పసుపును నేరుగా చూస్తే ఆ వెలుగుకు అదే మెరిసి గీతనంతా ముంచేస్తుంది. అందుకని ఆమె పసుపును స్పిరిట్‌తో పదే పదే కడిగారు. పసుపు రంగు స్పిరిట్‌లో దిగిపోతుంది, లెడ్ క్రోమేట్ ఉంటే అది అడుగున మిగులుతుంది. నాలుగు దుకాణాల పసుపు మడ్డిలోనూ ఎనిమిదివందల నలభై దగ్గర నేల చదునుగా ఉంది. చెయ్యి కడిగినా పోదన్న పసుపులో కూడా ఏమీ లేదు. నాకు నిరాశ కలిగింది. మనుషులు తినే పసుపు మంచిదని తేలితే నిరాశపడ్డాను నేను. ఆ క్షణం అక్కడే ఆగి నన్ను నేను చూసుకుని ఉండాల్సింది.

సీసా తియ్యమన్నారు సుగుణ గారు. నేను తియ్యలేదు. రేపు పాలెంలో, అందరి ముందు తీద్దాం అన్నాను. నాకు చూసేవాళ్ళు కావాలి.

తోటపల్లి గూడూరు దాటాక

మర్నాడు పొద్దున కారం దోసె తిన్నాం. మా తెనాలిలో కారం అంటే దోసె పక్కన ఉంటుంది. ఇక్కడ ఎర్రకారం దోసె ఒళ్ళంతా పూసి కాలుస్తారు. కళ్ళు తుడుచుకుంటూ ఆటో ఎక్కాను. తోటపల్లి గూడూరు దాటాక రోడ్డుకు ఒక పక్క వరి, ఒక పక్క రొయ్యల గుంటలు. గుంటల్లో గాలి చక్రాలు నీళ్ళను చిలుకుతూ ఉంటాయి.

ఆటోవాడు మాటకారి. పాలెం పేరు చెప్పగానే వెనక్కి తిరిగి, “పసుపు పాలెమా సార్? ఆ ఊళ్ళో బిడ్డలకి పసుపు పెట్టరు, తెలుసునా? ముందర ఒక ముసలామె విషం పెట్టిందంట,” అన్నాడు. తను కళ్ళారా చూసినట్టే చెప్పాడు. ఆ మాట ఎవరన్నారని అడిగాను. ఎవరో పెద్ద సారు మైకులో చెప్పినాడంట అన్నాడు. సుగుణ గారు ముఖం బయటికి తిప్పుకున్నారు. నేను మాత్రం లోలోపల పొంగాను. పన్నెండేళ్ళైనా నా మాట నిలబడి ఉంది.

గుంటల గట్టు దగ్గర టైరు పంక్చరయింది. దిగి నిలబడబోతే ఎడమ చెప్పు బురదలో దిగిపోయి తెగింది. ఒంటి చెప్పుతో పాలెం చేరాను. అక్కడ చాలామంది చెప్పుల్లేకుండానే ఉన్నారు కనుక ఎవరూ నా కాళ్ళ వైపు చూడలేదు. ముఖం వైపు చూశారు. గుర్తుపట్టారు.

చెంగమ్మ జాడీ

పాలెంలో ఒక ఆచారం ఉంది. అది చెప్పకపోతే తక్కినదేదీ మీకు అర్థం కాదు. పడవకు కొత్త రంగు వేసినప్పుడు, ఆ రంగు పూర్తిగా ఆరకముందే పడవ ముక్కు మీద పసుపు పులమాలి. తడి రంగులో పసుపు అతుక్కుంటుంది, ఉప్పునీళ్ళకు కొట్టుకుపోదు. మా వైపు తీరంలో పడవ ముక్కుకు బొట్టు పెట్టి పూలదండ వేసి ఊరుకుంటారు. ఇక్కడ పసుపు పడవలో భాగమైపోవాలి. ఆ పసుపు పులిమేది, పురిటి బిడ్డ బొడ్డుకు రాసేది, చిన్నపిల్లల దెబ్బల మీద అద్దేది ఒక్క చేతే. చెంగమ్మ చేయి.

పన్నెండేళ్ళ కిందట నేను ఈ పాలెం వచ్చినప్పుడు జ్యోతి చెన్నై ఆసుపత్రిలో ఉంది. రక్తంలో సీసం ఉందని, ఎక్కడి నుంచి వచ్చిందో చూసుకోమని డాక్టర్లు చెప్పారట. నేను పసుపు కల్తీ గురించి చదివి ఉన్నాను. గుడి, పసుపు, ముసలమ్మ కనిపించేసరికి మిగతాది వెతకాల్సిన పని లేదనుకున్నాను. చెంగమ్మ అప్పుడు నాకు గిన్నెలో పసుపు పట్టుకొచ్చి తీసుకోమంది. గుడి మనిషి ఇచ్చేదానికి నేను చెయ్యి చాపను. నలభై ఏళ్ళుగా అది నా నియమం. ఆమెను అలాగే నిలబెట్టి, ఒడ్డున ఉన్న పడవ దగ్గరికి వెళ్ళి, ముక్కు మీద పులిమిన పసుపును బ్లేడుతో గీకి కాగితంలో పొట్లం కట్టుకున్నాను. అదీ నా నమూనా. పరీక్ష కాగితం రాగానే ఇదే పాలెంలో సభ పెట్టి మైకులో చదివాను.

ఇప్పుడు చదువుతున్న మీకు తెలిసిపోయింది కదా. నాకు పన్నెండేళ్ళు పట్టింది.

చెంగమ్మకు డెబ్భై దాటి ఉంటాయి. గుడి అరుగు మీద కూర్చుని పసుపు కొమ్ములు రోట్లో దంచుతోంది, తన ఇంటి కూరకు. ఆమె పసుపు దుకాణం పొడి కాదని, కొమ్ములు కొని ఎండబెట్టి తానే దంచుకుంటుందని అప్పుడు తెలిసింది. ఆనాడు అడిగి ఉంటే ఆనాడే తెలిసేది. నన్ను చూసి రోకలి ఆపలేదు.

“వచ్చినావా సామీ. ఈసారి ఏం గీక్కోని పోతావు?”

చుట్టూ చేరినవాళ్ళలో ఎవరో నవ్వారు. సుగుణ గారు ఆమె పక్కన కూర్చుని తామొచ్చిన పని చెప్పారు. పసుపును చూసే యంత్రం తెచ్చామని, ఆమె ఒప్పుకుంటేనే చూస్తామని అన్నారు. ఆ ఒప్పుకోలు అడగడం నాకు ఎన్నడూ తట్టలేదు. చెంగమ్మ లేచి గుడిలోపలికి వెళ్ళి, మూత చుట్టూ గుడ్డ కట్టి తాడు బిగించిన చిన్న మట్టిజాడీ తెచ్చి ముందు పెట్టింది.

“ఆ ఏటి పసుపు ఇది. నువ్వు మైకులో మాట్లాడి పోయిన దినమే మూత కట్టినా. మళ్ళీ తీయలా. నా చేత్తో ఒక బిడ్డకి గూడా పెట్టలా. ఎప్పుడన్నా ఒకరు వచ్చి చూస్తారు గదా అని పెట్టుకున్నా.”

జాడీ చీకట్లో ఉంది. కలపలేదు, తెరవలేదు, ఏ ఏటిదో ఆమెకు తెలుసు. నా సీసాలో ఉన్నది పడవ ఒంటి మీద నుంచి గీకినది. నమూనా ఎలా భద్రపరచాలో మా ఇద్దరిలో ఎవరికి తెలుసో మీరే చెప్పండి.

ఎండ యంత్రానికి పడదు. నా గొడుగు చెన్నైలో ఉంది. చెంగమ్మ కోడలు నల్ల దుప్పటి తెచ్చి ఇద్దరు ఆడవాళ్ళ చేత పట్టించింది. ఆ వెలుగు కళ్ళలో పడకూడదని పిల్లల్ని దూరంగా పంపారు. స్పిరిట్‌తో కడగడం, ఆరబెట్టడం, మళ్ళీ కడగడం. మడ్డి మీద యంత్రం పెడితే గీత చదునుగా వచ్చింది. మూడుచోట్ల తీసి చూశారు. మూడుసార్లూ చదునే.

“ఇందులో నాకేమీ కనిపించడం లేదు సార్,” అన్నారు సుగుణ గారు. “మరీ కొద్దిగా ఉంటే దీనికి అందకపోవచ్చు. కొంచెం పెద్ద ప్రయోగశాలకు పంపిస్తాను. ఇప్పుడు మీ సీసా ఇవ్వండి.”

మైనం గీకి మూత తీశాను. సీసా ఆమెకు అందించాను. ఆమె తెల్లకాగితం మీద కొంచెం పోసి, భూతద్దం పెట్టి చూసి, పట్టకారుతో ఒక పెచ్చు బయటికి తీశారు. గోరులో నాలుగో వంతు ఉంటుంది. ఒక పక్క పసుపు. తిరగేశారు. ఇంకో పక్క ఆకుపచ్చ.

పసుపు పక్క మీద యంత్రం పెడితే ఎనిమిదివందల నలభై దగ్గర నిటారుగా కొండ లేచింది. దాని వెంటే రంగు డబ్బాల్లో ఉండే జిగురు గుర్తులు కూడా లేచాయి. తిరగేసి ఆకుపచ్చ పక్క పెట్టారు. ఐదువందల యాభై. క్రోమియం ఆక్సైడ్. పసుపును కల్తీ చేసేవాడు ఎంత దుర్మార్గుడైనా అందులో ఆకుపచ్చ రంగు పొర ఎందుకు పెడతాడు? ఆ పొర ఒకే ఒక్కచోట ఉంటుంది. పాత రంగు మీద కొత్త రంగు వేసిన పడవ మీద.

నాకు తెలియకుండానే ఆ పడవకు ముందు ఏ రంగు ఉండేదని అడిగాను. చెంగమ్మ మళ్ళీ పట్టుకున్న రోకలి పక్కన పెట్టింది.

“ఆకుపచ్చ. దాని మీద మస్తాను పసుపు రంగేసినాడు. ఆ పొద్దున్నే నేను పసుపు పెట్టినా. నేనిస్తే తీసుకోకపోతివి. పడవ మీద గీక్కుంటివి. నేను చూస్తానే ఉండినా. నువ్వు మైకు పట్టిన దినం, అది రంగు సామీ అని చెప్పినా గూడా. యినేవాళ్ళు యాడుండారు? నీ చేతిలో కాగితం ఉండె.”

చెప్పింది. నిజమే, చెప్పింది. నాకు గుర్తుంది. నా పుస్తకం పదకొండో పేజీలో ఆ మాట కూడా ఉంది. ‘తన నేరం బయటపడగానే ఆ పూజారిణి రంగు మీదికి నెట్టజూసింది’ అని రాశాను.

మస్తాను వాకిలి

జ్యోతి మస్తాను కూతురు. మస్తాను పడవలకు రంగులేసే మనిషి. పాత రంగు గీకి, గరుకు కాగితంతో రుద్ది, కొత్తది వేస్తాడు. పడవ పలకలు, మోటారు పెట్టెలు, తెడ్లు ఇంటికే తెచ్చుకుని వాకిట్లో గీకుతాడు. మేము వెళ్ళేసరికి అదే పనిలో ఉన్నాడు. వాకిలంతా పసుపు దుమ్ము. దాని మీదే అన్నం వండిన గిన్నెలు బోర్లించి ఉన్నాయి. జ్యోతి గడపలో కూర్చుని వల ముళ్ళు విప్పుతోంది. పదిహేడేళ్ళ పిల్ల. బడిలో మూడో తరగతి దాటలేదని, మాట మెల్లగా వస్తుందని మస్తాను చెప్పాడు. ఆమె తరువాత పుట్టిన చెల్లెలికి తొమ్మిదేళ్ళు. దానికీ అప్పుడప్పుడు కడుపునొప్పి, తిండి సయించదు, పాలిపోయి ఉంటుంది.

ఆ రెండో బిడ్డకు పసుపు ముట్టించలేదట. “మీరు చెప్పినారు గదా సార్. చుక్క పసుపు ఇంట్లోకి రానియ్యలా. కూరలో గూడా ఎయ్యం,” అన్నాడు మస్తాను, నేను మెచ్చుకుంటానని ఎదురుచూస్తూ.

నేను తెడ్ల దొంతి మీద కూర్చోబోయాను. సుగుణ గారు చెయ్యి పట్టి ఆపారు. దాని మీదా దుమ్మే.

వాకిట్లో దుమ్ము తీసి కాగితం మీద పెట్టి ఆమె యంత్రం ఆనించారు. తెర మీద లేచిన కొండ నాకిప్పుడు దూరం నుంచే తెలుస్తుంది. ఆమె మెల్లగా, నిదానంగా మస్తానుకు విషయం చెప్పారు. సీసం ఉన్న రంగును పొడిగా గీకితే దుమ్ము లేస్తుందని, పిల్లల చేతుల నుంచి నోట్లోకి పోతుందని, నెల్లూరులో ఇద్దరు పిల్లలకూ రక్తపరీక్ష చేయించాలని, తానే తీసుకెళతానని చెప్పారు. అతను వింటూ వింటూ చేతిలో గీకుడు రేకును చూసుకున్నాడు.

“అంటే నేనే తినిపించినానా మేడం, నా బిడ్డలకి?”

ఆ ప్రశ్న ఆమెను అడిగాడు గాని దానికి జవాబు చెప్పాల్సిన మనిషిని నేను. నోరు తెరిచి రంగు అమ్మేవాళ్ళ గురించి, చట్టం గురించి, పొడిగా గీకే అజ్ఞానం గురించి మొదలుపెట్టాను. ఉపన్యాసం తనంతట తానే వచ్చేస్తోంది. సుగుణ గారు పక్కకు తీసుకెళ్ళి ఒక్కటే మాటన్నారు. “ఇంకొకరిని వెతుక్కుంటున్నారు సార్.”

అవును. ఒక చేతి నుంచి నింద తీసి ఇంకో చేతిలో పెట్టడానికి నాకు అరగంట కూడా పట్టలేదు. వెనక్కి వచ్చి మస్తానుతో, నీకు ఎవరూ చెప్పలేదు, చెప్పడానికి వచ్చిన నేను తప్పు చెప్పాను అన్నాను. ఆనాడు నేను పసుపు దగ్గర ఆగకుండా ఈ వాకిలి దాకా నాలుగడుగులు నడిచి ఉంటే ఆ రెండో పిల్ల ఈ దుమ్ములో పాకేది కాదు. దీనికి నా దగ్గర వాదం లేదు. వాదాలతోనే బతికినవాణ్ణి.

ఆ మధ్యాహ్నమే మస్తాను వాకిలి తడిపి దుమ్ము తడిగుడ్డతో ఎత్తాడు. పని ఊరి బయటికి మార్చుకుంటానన్నాడు. జ్యోతి మా వైపు చూస్తూ వల ముడి ఒకటి విప్పి ఇంకొకటి పట్టుకుంది.

వేలంపాట దగ్గర మైకు

మూడో రోజు పొద్దున చెంగమ్మ దగ్గరికి వెళ్ళి తప్పైపోయిందని చెప్పాను. ఆమె పసుపు కొమ్ములు రోట్లో వేసింది. వేస్తూనే అంది: “నా చెవిలో చెప్తే ఏం లాభం? అప్పుడు మైకులో చెప్పినావు. మైకులోనే చెప్పు.”

పాలెంలో మైకు ఉండేది చేపల వేలంపాట దగ్గర. పడవలు ఒడ్డుకు చేరే వేళ. బుట్టలతో ఆడవాళ్ళు, ఐసు పెట్టెలతో వ్యాపారులు. నాకు రెండు నిమిషాలు ఇచ్చారు. ఆనాడు నా మాట వినడానికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బండ్ల మీద వచ్చారు. ఈనాడు నా మాట మధ్యలో వంజరం చేప ధర వినిపించింది. చెంగమ్మ పసుపులో విషం లేదని, నా పరీక్ష తప్పని, విషం గీకిన రంగు దుమ్ములో ఉందని చెప్పాను. కొందరు విన్నారు. ఒకావిడ బుట్ట దించకుండానే, “ఇప్పుడు చెప్తే పసుపు లేకుండా పెరిగిన మా పిల్లోళ్ళు మళ్ళీ పుడతారా?” అని సాగిపోయింది.

వెనక్కి వస్తుంటే చెంగమ్మ అరుగు మీద నుంచి పిలిచింది. గిన్నెలో కొత్తగా దంచిన పసుపు.

“ఇప్పుడన్నా చెయ్యి చాపుతావా?”

చాపాను. నాకు పోలేరమ్మ మీద నమ్మకం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆ గిన్నెలోది ఒక మనిషి చేతి పని అని చూడటానికి నమ్మకం అక్కర్లేదు. ఆమె ఒక చిటికెడు వేసి, గిన్నె తీసేసుకుంది. క్షమించానని అనలేదు. నేను అడగలేదు.

వెంకటాచలం, నాయుడుపేట

నాలుగో రోజు సుగుణ గారు మస్తాను పిల్లలతో ఆసుపత్రికి వెళ్ళారు. నేను ఒంటరిగా నాయుడుపేట బస్సెక్కాను. ఆనాడు నా సభ పెట్టించి, పుస్తకం అచ్చు వేయించింది అక్కడి పెంచలయ్య మాస్టారు. వెంకటాచలం దగ్గర బస్సు ఆగిపోయి గంటసేపు ఎండలో నిలబెట్టారు. రోడ్డు పక్కన పది రూపాయల టీ తాగుతూ, కొత్త చెప్పులు కరిచిన కాలు చూసుకుంటూ, మాస్టారుకు ఎలా చెప్పాలో కూడబలుక్కున్నాను.

మాస్టారు అంతా విన్నారు. నాకంటే పదేళ్ళు పెద్ద, నాకు వాదించడం నేర్పినవారిలో ఒకరు. అటక మీద మిగిలిన పుస్తకాల కట్టలు రెండున్నాయని ఒప్పుకున్నారు. ఇవ్వనన్నారు. “మనం బట్టబయలు చేసిన పన్నెండు మందిలో ఒకరి విషయం తప్పైతే దాన్ని ఎత్తి చూపించుకుంటామా నాయనా? రేపు ప్రతి బాబా నీ కాగితమే ఊపుతాడు. చెంగమ్మకు జరిగింది కష్టమే. ఉద్యమం పెద్దది గదా.”

ఆ మాట నేనే ఎన్నోసార్లు అన్నాను, ఎవరెవరి గురించో. దాని బరువు ఎంతో అప్పుడు తెలియలేదు. బాబా తప్పు ఒప్పుకోడని కదా మనం నవ్వుతాం, మరి మనమూ ఒప్పుకోకపోతే ఆయన వేదిక మీదికీ మన వేదిక మీదికీ తేడా ఏమిటని అడిగాను. మాస్టారు మజ్జిగ తెప్పించారు. మజ్జిగ తాగాను. కట్టలు అటక మీదే ఉన్నాయి.

తెనాలి చేరిన మూడు వారాలకు సుగుణ గారు ఫోన్ చేశారు. జాడీ పసుపులో పెద్ద ప్రయోగశాలకు కూడా సీసం దొరకలేదు. చిన్నపిల్ల రక్తంలో దొరికింది. వైద్యం మొదలుపెట్టారు. జ్యోతికి పోయినది తిరిగి రాదన్నారట. చెంగమ్మను ఇంతవరకు ఒక్క తల్లే పిలిచిందట, పురిటి బిడ్డ దగ్గరికి. మిగతావాళ్ళు ఇంకా ఆలోచిస్తున్నారు.

అటక మీది కట్టలు నా చేతికి రాలేదు. మీ ఇంట్లోది మీ చేతిలో ఉంది. లేవండి. ‘పసుపులో విషం’ వెతికి తీయండి. పదకొండో పేజీ తెరిచి ఆ పేజీ అంతా అడ్డంగా కొట్టేయండి. పక్కన మీ దస్తూరీతో రాయండి: ‘చెంగమ్మ నిజం చెప్పింది. రాసినవాడు వినలేదు.’ ఆనాడు ఆ పేజీ ఎవరికి చదివి వినిపించారో, వాళ్ళను పిలిచి, అప్పుడు ఎంత గట్టిగా చదివారో అంత గట్టిగా ఇది చదవండి.